నల్గొండ, పాలమూరులో ఉప్పునీళ్ల అక్వేరియం: చేపను ఎక్కడ కొనాలి, ఇంటిదాకా ఎట్లా తేవాలి

చెన్నైలో కొన్న క్లౌన్ ఫిష్ నల్గొండ దాకా బతికొస్తుందా? మహబూబ్‌నగర్ నీళ్లు దానికి పనికొస్తాయా? పగడాలు అమ్ముతున్నారు, కొనొచ్చా? ఈ మూడూ మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే అడ్వాన్సు కట్టేసి ఉంటున్నారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

గప్పీలు, గోల్డ్ ఫిష్‌లు దాదాపు అన్నీ చెరువుల్లో, తొట్లలో పుట్టినవే. ఉప్పునీళ్ల చేపల సంగతి వేరు. వాటిలో ఎక్కువ భాగం ఇప్పటికీ సముద్రంలోంచి పట్టి తెచ్చినవే. ఎవరు పట్టారు, ఎట్లా పట్టారు, ఎన్ని చేతులు మారాయి అన్నదాన్ని బట్టే అది మీ ఇంట్లో నెల బతుకుతుందా, పదేళ్లు బతుకుతుందా తేలుతుంది. సముద్రం మనకు ఒక రాత్రి ప్రయాణం దూరంలో ఉంది కాబట్టి, సగం ప్రాణంతో వచ్చిన చేపను ఇక్కడ నిలబెట్టడం చాలా కష్టం.

పని వరుస ఇది: నీళ్లు, క్వారంటైన్ తొట్టి (కొత్త చేపను కొన్నాళ్లు విడిగా ఉంచే చిన్న తొట్టి), అమ్మేవాడి దగ్గర విచారణ, ప్రయాణం, తొట్టిలో విడవడం. మొదటి మూడు మెట్లు దాటాకే చేప కొనేది. కింద చెప్పేదంతా దాదాపు 200 లీటర్ల, చేపలు మాత్రమే ఉండే తొట్టి కోసం. పగడాల తొట్టి జోలికి ఎందుకు పోలేదో మొదటి అంశం చదివితే తెలుస్తుంది.

1. ముందు వద్దనుకునే జాబితా రాసుకోండి

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 అంటే పులులు, జింకల చట్టం అనుకునేవాళ్లే ఎక్కువ. 2001లోనే రాతి పగడాలు, నల్ల పగడం, సీ ఫ్యాన్లు, సీహార్స్‌లు, సీ కుకుంబర్‌లు, కొన్ని జెయింట్ క్లామ్‌లు ఆ చట్టం నీడలోకి వచ్చాయి. ఆ చట్టంలో అత్యధిక రక్షణ ఉన్న షెడ్యూల్ 1 జీవి విషయంలో నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు, 2022 సవరణ తర్వాత కనీసం 25,000 రూపాయల జరిమానా.

తీరం నుంచి తెచ్చిన పగడపు రాయి చచ్చినదైనా అదే లెక్క. "లైవ్ రాక్" (బ్యాక్టీరియా, చిన్న జీవులు పట్టిన సముద్రపు రాయి) పేరుతో రామేశ్వరం వైపు నుంచి వచ్చే రాళ్లు కొనొద్దు. సిరామిక్ రాళ్లు, అక్వేరియం కోసం తయారుచేసిన కృత్రిమ రాళ్లు దొరుకుతాయి. బ్యాక్టీరియాకు ఇల్లు కావాలి అంతే, అది పగడమే కానక్కర్లేదు.

"ఇది ఇక్కడిది కాదు సార్, ఫారిన్ పగడం" అంటారు. రాతి పగడాలు, సీహార్స్‌లు, జెయింట్ క్లామ్‌లు అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం మన చట్టం నాలుగో షెడ్యూల్‌లోని సైటిస్ జీవులను ఉంచుకునేవాళ్లు ఆ వివరాలు తెలిపి, కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్ ద్వారా రిజిస్టర్ చేయించుకోవాలి. దిగుమతి కాగితం నుంచి మీ పేరు మీద బిల్లు దాకా గొలుసు తెగకుండా చూపించలేకపోతే ఆ పగడం మీ ఇంటికి రావద్దు.

చట్టం అడ్డు చెప్పకపోయినా నేను వద్దనే చేపలు కొన్ని ఉన్నాయి:

- క్లీనర్ రాస్: మిగతా చేపల ఒంటి మీది పరాన్నజీవులను తిని బతికేది. ఇంటి తొట్టిలో ఆ తిండి దొరక్క ఎండిపోతుంది.
- మాండరిన్: రాళ్ల మీద పాకే కోపెపాడ్‌లు అనే అతి చిన్న జీవులు తప్ప మరొకటి అంత తేలిగ్గా ముట్టదు. కొత్త తొట్టిలో అవి ఉండవు.
- పగడాన్నే తినే బటర్‌ఫ్లై ఫిష్‌లు, మూరిష్ ఐడల్.
- బ్లూ టాంగ్: దుకాణంలో రెండంగుళాలు, పెరిగితే దాదాపు 30 సెంటీమీటర్లు. 200 లీటర్లలో పెట్టడం అన్యాయం.
- సీ అనిమోన్: సముద్రంలో క్లౌన్ దాక్కునే, పువ్వులా కనిపించే జీవి. క్లౌన్‌కు అది తప్పనిసరి అని చెప్పి అంటగడతారు. హ్యాచరీలో పుట్టిన క్లౌన్‌కు అనిమోన్ అక్కర్లేదు.

మొదలుపెట్టడానికి హ్యాచరీ క్లౌన్ జంట ఒక్కటి చాలు. తర్వాత నియాన్ గోబీ చేర్చుకోవచ్చు. బాంగాయ్ కార్డినల్ అందమైనదే, కానీ ఇండోనేషియాలోని బాంగాయ్ దీవుల చుట్టుపక్కల మాత్రమే సహజంగా ఉండే చేప అది, అక్వేరియంల కోసం విపరీతంగా పట్టేశారు. తొట్టిలో పుట్టినదైతేనే తీసుకోండి. డామ్సెల్ చవక, మొండి ప్రాణం. పెద్దయ్యాక మాత్రం తొట్టంతా నాదే అంటుంది.

2. నీళ్లు: బోరు, భగీరథ, క్యాన్

నల్గొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. మన తొట్టికి ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, నీళ్లలో కరిగి ఉన్న మొత్తం లవణాలు (టీడీఎస్) అడ్డే. భగీరథ కుళాయి నీళ్లు తాగడానికి సరే, వాటిలో క్లోరిన్ ఉంటుంది. వీధి ప్లాంటు క్యాన్ నీళ్ల టీడీఎస్ ప్లాంటుకొక తీరు, ఒక్కోసారి వారానికొక తీరు.

కావలసింది ఆర్‌వో దాటి, ఆ తర్వాత మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఅయొనైజేషన్ గొట్టం దాటి, టీడీఎస్ మీటర్‌లో సున్నా చూపే నీళ్లు. వంటింటి ఆర్‌వో వాడదామనుకుంటే దానిలోని టీడీఎస్ కంట్రోలర్‌ను పూర్తిగా మూయించండి. రుచి కోసం అది కొంత పచ్చి నీళ్లను కలుపుతుంది. మీటర్ ధర ఒక చేప ధర కంటే తక్కువే ఉంటుంది, కొనండి.

కల్లుప్పు పనికిరాదు. సముద్రపు నీళ్ల నుంచే వచ్చినా ఉప్పు గడ్డకట్టేటప్పుడు మెగ్నీషియం లాంటివి చాలావరకు తల్లి ద్రవంలోనే మిగిలిపోతాయి, చేతికి వచ్చేది ప్రధానంగా సోడియం క్లోరైడ్. మెరైన్ సాల్ట్ మిక్స్ అని అడగండి. లీటరుకు సుమారు 36 నుంచి 38 గ్రాములు, అంటే 50 లీటర్లకు 1.8 కిలోలకు కాస్త అటూ ఇటూ. ముందు నీళ్లు, తర్వాత ఉప్పు. చిన్న పంపు పెట్టి ఒక రోజంతా తిప్పండి.

కొలత: 25 డిగ్రీల దగ్గర స్పెసిఫిక్ గ్రావిటీ 1.025–1.026, అంటే లీటరుకు 35 గ్రాముల లవణీయత. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్‌ను నమ్మొద్దు, చిన్న గాలి బుడగ అంటుకున్నా లెక్క తప్పుతుంది. రిఫ్రాక్టోమీటర్ (రెండు చుక్కల నీళ్లతో లవణీయత చూపే పరికరం) తీసుకుని, 35 లవణీయత ఉన్న ప్రామాణిక ద్రావణంతో సరిచూసుకోండి.

3. క్వారంటైన్ తొట్టి లేకుండా ఫోన్ చేయొద్దు

పెద్ద తొట్టి సిద్ధంగా ఉంది కదా, ఇది ఎందుకు అని అడుగుతారు. కొత్త చేప మీద తెల్లమచ్చల జబ్బు కనబడితే రాగి మందు వేయాలి. అదే మందు రొయ్యలను, నత్తలను చంపుతుంది, రాళ్లలోకి ఇంకి తర్వాత మెల్లగా వదులుతుంది. పెద్ద తొట్టిలో రాగి మందు వేసినవాడు ఇక అందులో రొయ్యను పెట్టే ఆశ వదులుకోవాలి.

50–60 లీటర్ల గాజు తొట్టి చాలు. అడుగున ఇసుక వద్దు, రాళ్లు వద్దు. దాక్కోవడానికి రెండు పీవీసీ గొట్టం ముక్కలు వేయండి. మూత తప్పనిసరి, భయపడ్డ చేప ఎగిరి బయట పడుతుంది.

స్పాంజ్ ఫిల్టర్‌లో బ్యాక్టీరియా చేప రాకముందే పెరగాలి. కొద్దిగా అమ్మోనియా వేసి, ఆ అమ్మోనియా, దాని వెంట వచ్చే నైట్రైట్ రెండూ ఒక్క రోజులో సున్నాకు పడిపోయే స్థాయి వచ్చేదాకా ఆగండి. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

చేపను బుక్ చేసే ముందు ఇవన్నీ ఉన్నాయా చూడండి:

- టెస్ట్ కిట్‌లో అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా
- వేడి 24–27 డిగ్రీల మధ్య, రాత్రీ పగలూ
- కలిపి పెట్టిన ఉప్పునీళ్లు 40 లీటర్లు విడిగా డ్రమ్ములో
- అమ్మోనియాను కట్టడి చేసే కండిషనర్ ఒక సీసా
- బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు, లేదా ఇన్వర్టర్ మీద కనీసం ఫిల్టర్
- పాలిథీన్ కవర్లు, రబ్బరు బ్యాండ్లు అదనంగా

4. అమ్మేవాడిని అడగాల్సినవి

"అన్నా, ఈ క్లౌన్ హ్యాచరీదా, పట్టుకొచ్చిందా?" అని అడిగితే "అన్నీ హ్యాచరీవేనన్నా" అనే జవాబు ప్రతి దుకాణంలోనూ వస్తుంది. దానితో ఏమీ తేలదు. తేల్చేది రెండో ప్రశ్న: "ఏ హ్యాచరీ? బిల్లులో రాసిస్తవా?" అక్కడ నీళ్లు నమిలితే చేప సముద్రానిదే అనుకోండి.

మన దేశంలో హ్యాచరీ చేప దొరకదన్న మాట నిజం కాదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, అంటే సీఎంఎఫ్ఆర్ఐ, మండపం, విళింజం కేంద్రాల్లో క్లౌన్‌లు, డామ్సెల్‌లను గుడ్డు నుంచి పెంచే పద్ధతులను ఎప్పుడో నిలబెట్టింది. అదే సంస్థకు విశాఖలోనూ ప్రాంతీయ కేంద్రం ఉంది. తమిళనాడులోని పరంగిపేటలో అణ్ణామలై విశ్వవిద్యాలయం సముద్ర జీవశాస్త్ర కేంద్రం క్లౌన్‌లను పెంచింది. లక్షద్వీప్‌లోని అగత్తిలో జాతీయ మత్స్య జన్యు వనరుల సంస్థ, అంటే ఎన్‌బీఎఫ్‌జీఆర్, అక్కడి వాళ్లకు అలంకారపు రొయ్యల పెంపకం నేర్పింది. దుకాణంవాళ్లతో మాట్లాడేటప్పుడు ఈ పేర్లు మీకు తెలుసన్న సంగతి తెలియనివ్వండి, జవాబుల తీరు మారుతుంది.

సముద్రం నుంచి పట్టినదే కొనక తప్పదనుకుంటే మరో మూడు అడగండి. ఎక్కడ పట్టారు? మన్నార్ సింధుశాఖలో జాతీయ పార్కు హద్దులున్నాయి, అక్కడ పట్టడం నిషేధం. ఎట్లా పట్టారు, చేతి వలతోనా? ఈ దుకాణానికి వచ్చి ఎన్ని రోజులైంది?

ఫిలిప్పీన్స్, ఇండోనేషియా చేపల విషయంలో సైనైడ్ అనుమానం పెట్టుకోవాలి. సోడియం సైనైడ్ నీళ్లను పగడాల సందుల్లోకి చిమ్మితే చేప మత్తుగా తేలుతుంది, పగడం చస్తుంది. ఆ చేప పైకి బాగానే కనిపిస్తుంది, మేత కూడా తినొచ్చు, తర్వాత రోజుల్లో ఎందుకు పోయిందో తెలియకుండా పోతుంది. కంటితో చూసి పట్టుకునే దారి లేదు కాబట్టే కాగితం అడగాలి. దిగుమతి చేపకు సానిటరీ ఇంపోర్ట్ పర్మిట్, క్వారంటైన్ పత్రం ఉండాలి. మీరు కొనేది చిల్లర దుకాణంలో అయితే కనీసం ఏ దిగుమతిదారు, ఏ నెల సరుకు అన్నది బిల్లు మీద ఉండాలి.

"చచ్చి వస్తే వేరేది పంపిస్తాం" అన్న హామీ చూసి మోసపోవద్దు. అది మీ డబ్బుకు భరోసా. చేపకు కాదు. ఆ మాట పదేపదే చెప్పే దుకాణంలో చచ్చేవి ఎక్కువేమోనని నాకు అనుమానం.

5. దుకాణంలో నిలబడి చూడాల్సినవి

ముందు మేత వేయించండి. "జర మేతేసి చూపియ్యన్నా" అంటే "పొద్దుగాలనే తిన్నయి, ఇప్పుడు తినయ్" అంటారు. క్లౌన్ విషయంలో ఇది కుదరదు. ఆరోగ్యంగా ఉన్న హ్యాచరీ క్లౌన్ ఎప్పుడు గుళికలు వేసినా మీదికి వస్తుంది. రాకపోతే మరో రోజు రండి.

తర్వాత చేపను పైనుంచి, పక్కనుంచి చూడండి. తల వెనక వీపు కండ సన్నబడి, కత్తి అంచులా కనిపిస్తే చాలా రోజులుగా తినలేదని అర్థం. పొట్ట లోపలికి పోయి ఉన్నా అంతే. మొప్పలు రెండూ ఒకే లయలో కదలాలి. ఒకటి మూసుకుని ఒక్కదానితోనే గాలి పీలుస్తుంటే, ఫిల్టర్ నీళ్లు పడేచోటే మూతి పెట్టి వేలాడుతుంటే, రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంటే వదిలేయండి. అదే తొట్టిలో ఇంకొకటి చచ్చి పడి ఉంటే, బాగా కనిపించేదాన్నీ వదిలేయండి. ఆ నీళ్లన్నీ ఒకటే.

హ్యాచరీ క్లౌన్‌లు సాధారణంగా ఒకే సైజులో, మూడు నాలుగు సెంటీమీటర్లలో, గుంపుగా ఉంటాయి. తెల్ల చారలు కొన్నిటికి వంకరగా, సగానికి తెగి ఉంటాయి. అందం తక్కువని వాటిని పక్కన పెడతారు. నిజానికి ఆ వంకర చార హ్యాచరీ గుర్తు. బేరం కూడా కుదురుతుంది.

నచ్చింది దొరికితే అడ్వాన్సు ఇచ్చి, వారం పది రోజులు అక్కడే ఉంచమనండి. పట్టినప్పటి దెబ్బ, ప్రయాణపు దెబ్బ ఆ రోజుల్లోనే బయటపడతాయి. మంచి దుకాణాలు ఒప్పుకుంటాయి.

వచ్చే ముందు ఒక పని: వాళ్ల తొట్టి లవణీయత ఎంతో కొలిపించి, మీటర్ ఫోటో తీసుకోండి. ఉప్పు ఖర్చు తగ్గించుకోవడానికి, పరాన్నజీవులను అదుపులో పెట్టడానికి చాలామంది 1.018–1.020 దగ్గరే నడుపుతారు. ఈ అంకె తొమ్మిదో అంశంలో మీకు కావాలి.

6. ఎప్పుడు, ఏ దారిన

నవంబరు నుంచి ఫిబ్రవరి. అంతే. మార్చి సగం నుంచి జూన్ సగం దాకా నల్గొండకు చేపలు తేవద్దు. మేలో 44 డిగ్రీలు దాటే ఊళ్లు మనవి, కరెంటు పోతే తొట్టినే కాపాడుకోలేం.

ప్యాక్ చేసిన క్షణం నుంచి విప్పే క్షణం దాకా గంటలు లెక్కపెట్టండి, రైలు ఎక్కినప్పటి నుంచి కాదు. చిన్న చేపకు 12 గంటల లోపు హాయి. 24 దాటే ఏర్పాటుకు ఒప్పుకోవద్దు. ఎగుమతిదారులు అంతకంటే ఎక్కువ సేపు పంపిస్తారు నిజమే, వాళ్ల ప్యాకింగ్ వేరు, వాళ్ల నష్టాల లెక్క కూడా వేరు.

చెన్నైలో కొళత్తూరు వైపు కొంటే సాయంత్రం ప్యాక్ చేయించి, గుంటూరు, మిర్యాలగూడ మీదుగా వచ్చే రాత్రి రైలు పట్టుకుంటే తెల్లారేసరికి నల్గొండ. డబ్బా మీతోనే ఏసీ బోగీలో, కింది బెర్త్ కింద ఉండాలి. పార్సిల్ వ్యాన్‌లో వద్దు. విమానంలో శంషాబాద్ వస్తే పాలమూరుకు జడ్చర్ల దారి సులువు, నల్గొండకు ఔటర్ రింగు మీదుగా నార్కట్‌పల్లి దారి. కార్గోలో విడుదల ఆలస్యాన్ని కూడా గంటల్లో కలుపుకోండి.

హైదరాబాద్‌లోనే మంచి దుకాణం దొరికితే పక్క దారులన్నీ మరిచిపోండి. రెండు మూడు గంటల ప్రయాణంలో చేపకు సగం కష్టం తప్పినట్టే.

బస్సు డిక్కీలో పెట్టి పంపిస్తామంటే వద్దనండి. అక్కడ ఎంత వేడి ఉంటుందో, పైన ఏ మూట పడుతుందో ఎవరికీ తెలియదు.

7. ప్యాకింగ్ మీ కళ్ల ముందు జరగాలి

మన జిల్లాల్లో చెరువుల్లో వదిలే చేప పిల్లలు ఆక్సిజన్ నింపిన పాలిథీన్ సంచుల్లో రావడం అందరూ చూసినదే. పద్ధతి అదే, ఒక తేడాతో. అక్కడ సంచిలో గుంపుగా వేస్తారు. ఇక్కడ కవర్‌కు ఒక్కటే చేప. భయపడ్డ డామ్సెల్ పక్కదాన్ని ఆ కాస్త చోటులోనే కొరికేస్తుంది. ఒకటి చచ్చినా మిగతావి దాని విషంలోనే ఉండాలి.

- పస్తు: ప్యాకింగ్‌కు 24 నుంచి 48 గంటల ముందు మేత ఆపించాలి. తిన్న చేప దారిలో విసర్జిస్తుంది, అదే అమ్మోనియా అవుతుంది. మరీ చిన్న పిల్లలకు ఒక రోజు చాలు.
- కవర్లు రెండు, ఒకదానిలో ఒకటి. మూలలు రబ్బరు బ్యాండుతో గుండ్రంగా కట్టించండి, లేకపోతే మూలలో ఇరుక్కుంటుంది. ముళ్లున్న చేపకు మూడో కవర్, మధ్యలో కాగితం పొర.
- ఒక వంతు నీళ్లు, రెండు వంతులు సిలిండర్ ఆక్సిజన్. నోటితో ఊదిన గాలి కాదు, పంపు గాలి కాదు. నీళ్లు ఎక్కువ పోస్తే మంచిదన్న భ్రమ చాలామందికి ఉంది. చేప బతికేది ఆ పైన ఉన్న ఆక్సిజన్ మీద.
- కవర్ మీద పేరు, ప్యాక్ చేసిన టైము రాయించండి.
- థర్మాకోల్ డబ్బా, ఖాళీల్లో పాత పేపర్లు కుక్కి, కవర్లు పడుకోబెట్టి సర్దాలి. పడుకోబెడితే నీటి మీద గాలి తగిలే వైశాల్యం పెరుగుతుంది.

చలికాలంలో ఐసు అక్కర్లేదు. పగటి ఎండలో రోడ్డు ప్రయాణమైతే గడ్డకట్టిన నీళ్ల సీసాను రెండు మడతల పేపర్‌లో చుట్టి, మూత లోపలి వైపు టేపుతో అతికించండి. చల్లదనం కిందికి దిగుతుంది. ఐసు కవర్‌కు తగలకూడదు. డిసెంబరు తెల్లవారుజామున స్టేషన్‌లో దిగేవాళ్లు డబ్బాను దుప్పటిలో చుట్టుకుంటే చాలు.

8. దారిలో

డబ్బా తెరవొద్దు. పిల్లలు అడిగినా తెరవొద్దు. చీకట్లో చేప కుదురుగా ఉంటుంది, ఊపిరి తక్కువ తీస్తుంది. కారైతే డబ్బా డిక్కీలో కాదు, వెనక సీటు కింద, ఏసీ నడుస్తూ. టీకి దిగినా ఏసీ ఆపొద్దు.

కవర్ కారుతుంటే అదనపు కవర్‌లోకి మొత్తాన్ని, నీళ్లతో సహా, దించండి. విప్పక తప్పని పరిస్థితి వస్తే బ్యాటరీ పంపు గొట్టం వేసి, కండిషనర్ చుక్కలు వేయండి, ఇక ఆలస్యం చేయకుండా ఇంటికి చేరండి. మామూలు ఆలస్యమే అయితే, రైలు రెండు గంటలు ఆగిందనుకోండి, కవర్ విప్పకుండా ఉండటమే మేలు. ఎందుకో కింద ఉంది.

9. కవర్ విప్పే వేళ

ఎక్కువ చేపలు చచ్చేది రైల్లో కాదు, ఇంటికొచ్చాక జాగ్రత్త పేరుతో చేసే ఆలస్యంలో.

మూసిన కవర్‌లో చేప వదిలే కార్బన్ డయాక్సైడ్ పోగై నీళ్ల పీహెచ్ పడిపోతుంది. పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపు అమ్మోనియాలో ఎక్కువ భాగం అంతగా హాని చేయని అమ్మోనియం రూపంలో ఉంటుంది. కవర్ విప్పగానే ఆ గాలి బయటికి పోతుంది, పీహెచ్ పైకి లేస్తుంది. పీహెచ్ ఒక్క యూనిట్ పెరిగితే విషపు అమ్మోనియా వాటా దాదాపు పది రెట్లవుతుంది. రాత్రంతా బాగానే వచ్చిన చేప, విప్పిన కవర్‌లో గంటసేపు చుక్క చుక్క నీళ్లు కలుపుతుండగా మొప్పలు కాలి పోయేది ఇందుకే. చుక్కల పద్ధతి హైదరాబాద్ నుంచి రెండు గంటల్లో వచ్చినదానికి పరవాలేదు. రాత్రి ప్రయాణం చేసిన చేపకు పనికిరాదు.

కాబట్టి ఈ వరుస:

1) ముందు రోజే క్వారంటైన్ తొట్టి లవణీయతను దుకాణం అంకెకు దించి పెట్టండి. వాళ్లది 1.019 అయితే మీదీ 1.019.

2) తొట్టి లైటు ఆపండి. గదిలో వెలుతురు తగ్గించండి.

3) కవర్ పైభాగం కడిగి, విప్పకుండానే తొట్టిలో 20–30 నిమిషాలు తేలనివ్వండి. వేడి సమానం కావడానికి.

4) ఇప్పుడు విప్పండి. కొన్ని చుక్కలు రిఫ్రాక్టోమీటర్ మీద వేసి చూడండి. తేడా 0.002 లోపు ఉంటే వెంటనే దించేయండి. కవర్ నీళ్లు అంతకంటే పలచగా ఉంటే తొట్టి నీళ్లు కొన్ని తీసి ఆర్‌వో నీళ్లు పోసి తొట్టి లవణీయతను తగ్గించండి. ఈ పనికి ఆర్‌వో నీళ్ల బకెట్ తొట్టిలాగే వేడి చేసి పక్కనే ఉంచుకోవాలి. లవణీయత తగ్గడాన్ని చేప ఓర్చుకుంటుంది, ఒక్కసారి పెరగడాన్ని ఓర్చుకోలేదు.

5) చేపను తడి చేత్తోనో, చిన్న ప్లాస్టిక్ డబ్బాతోనో దించండి. వలకు మొప్ప ముళ్లు చిక్కుకుంటాయి. కవర్ నీళ్లు ఒక్క చుక్క కూడా తొట్టిలో పోయొద్దు.

విప్పినప్పటి నుంచి పదిహేను నిమిషాల్లో పని అయిపోవాలి. తెల్లారేదాకా లైటు వేయొద్దు, మేత వేయొద్దు, ఇంటికొచ్చినవాళ్లకు చూపించొద్దు.

రొయ్యలు, నత్తలు వేరు. లవణీయత తేడాను అవి అసలు తట్టుకోవు, అందుకే వాటికి చుక్కల పద్ధతే. విప్పగానే కండిషనర్ వేసి, ఎయిర్ గొట్టానికి ముడి వేసి, సెకనుకు రెండు మూడు చుక్కల చొప్పున గంట నుంచి రెండు గంటలు. వాటి తొట్టి మామూలు 1.025 దగ్గరే ఉండాలి, రాగి మందు తగిలిన తొట్టి అసలు కాకూడదు.

10. మొదటి ఆరు వారాలు

రోజూ అమ్మోనియా కొలవండి. కాస్త కనిపించినా నాలుగో వంతు నీళ్లు మార్చండి. చేప కుదుటపడ్డాక లవణీయతను రోజుకు 0.001, మించితే 0.002 చొప్పున పెంచుతూ 1.025కు తీసుకురండి.

మేత కొద్దికొద్దిగా, రోజుకు రెండు మూడుసార్లు. మూడు రోజులైనా ముట్టకపోతే గడ్డకట్టించిన ఆర్టీమియాను (మేతగా అమ్మే చిన్న రొయ్యలాంటి జీవి) నీళ్లలో కరిగించి వేసి చూడండి.

ఉప్పు రవ్వల్లా తెల్లచుక్కలు కనిపిస్తే అది క్రిప్టోకేరియాన్, పైన చెప్పిన తెల్లమచ్చల జబ్బు. ఒంటి మీద సన్నటి పసుపు పొడి, వేగంగా ఊపిరి ఉంటే వెల్వెట్ అనే మరో పరాన్నజీవి జబ్బు, అది ఇంకా తొందరగా చంపుతుంది. రెండిటికీ రాగి మందు, సీసా మీద ఉన్న మోతాదులో, రాగి టెస్ట్ కిట్‌తో రోజూ కొలుస్తూ. కిట్ లేకుండా అంచనాతో వేసే రాగి జబ్బు కంటే ప్రమాదం. ఏ మచ్చా లేకపోయినా ఆరు వారాలు పూర్తి కావాల్సిందే. "బాగానే ఉంది కదా" అని రెండో వారంలో పెద్ద తొట్టిలోకి మార్చడం అందరూ చేసే పని.

11. తరచూ కనిపించే తప్పులు, సర్దుబాట్లు

*ఆవిరైన నీళ్ల బదులు ఉప్పునీళ్లు పోయడం.* ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. ఉత్త ఆర్‌వో నీళ్లు పోయండి. ఎండాకాలం ఫ్యాన్ పెడితే వేడి రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, నీళ్లూ అంతే వేగంగా తగ్గుతాయి, కాబట్టి గీత గీసుకుని రోజూ నింపండి.

*రవాణా ఖర్చు కలిసొస్తుందని ఒకేసారి ఎనిమిది చేపలు తెప్పించడం.* చిన్న ఫిల్టర్ అంత మురికిని మోయలేదు. అప్పటికే వచ్చేసి ఉంటే మేత సగానికి తగ్గించి, రోజూ నీళ్లు మార్చి, కొన్నిటిని తెలిసినవాళ్ల క్వారంటైన్ తొట్టికి పంపండి. పరిచయమున్న ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే డబ్బాలో తెప్పించుకుని, దిగగానే పంచుకోవడం అన్నిటికంటే చవక.

*చేప నీరసంగా ఉందని వచ్చిన రోజే మందు వేయడం.* ప్రయాణపు అలసటకు మందు లేదు. చీకటి, ఆక్సిజన్, నికరమైన నీళ్లు ఇవ్వండి.

*జాలిపడి కొనడం.* దుకాణంలో చావబోతున్న చేపను కాపాడదామని కొంటే దాని చోట్లోకి రేపు మరొకటి వస్తుంది.

12. వద్దనుకున్నప్పుడు, పాత నీళ్లు

కొనేముందే అడగండి: తర్వాత పెంచలేకపోతే చేపను వాపసు తీసుకుంటారా? డబ్బు ఇవ్వకపోయినా సరే. చెరువులోనో, సాగర్ కాల్వలోనో వదలడం మాత్రం వద్దు. ఉప్పునీళ్ల చేప అక్కడ కొద్దిసేపట్లోనే చస్తుంది. మంచినీళ్ల అక్వేరియం చేపలను అట్లా వదిలినందుకే దయ్యం చేప అని పిలిచే సక్కర్ చేపలు కృష్ణలో జాలర్ల వలలు చింపుతున్నాయి.

మార్చిన నీళ్ల సంగతి మనవైపు ఎవరూ పట్టించుకోరు. ఇరవై లీటర్ల బకెట్‌లో 700 గ్రాముల ఉప్పు ఉంటుంది. పెరట్లో చెట్లకు పోయొద్దు, బోరు పక్కన ఇంకుడు గుంతలో అసలు పోయొద్దు. మురుగు కాల్వకు కలిసే బాత్‌రూం డ్రెయిన్‌లో, మామూలు నీళ్లతో కలిపి కొద్దికొద్దిగా వదలండి. ఊళ్లో మురుగు కాల్వ లేనివాళ్లు, ఎండాకాలంలో వెడల్పాటి సిమెంటు తొట్టిలో ఆరబెట్టి, మిగిలిన ఉప్పును చెత్త బండికి వేయొచ్చు.